ఒంటరిగా విమానం ఎక్కవలసి వచ్చినప్పుడు



పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు మన విచారణల్లో ఇప్పుడు కొత్త కాదు. కూతురి కాన్పుకని తల్లికి అమెరికా టికెట్ వస్తుంది. నర్సింగ్ చదివిన అమ్మాయికి కువైట్‌లోనో, ఖతార్‌లోనో ఉద్యోగం కుదురుతుంది. కొడుకు పై చదువుకు బయలుదేరుతాడు. టికెట్ చేతికి వచ్చిన రోజు ఇల్లంతా సందడి. ఆ రాత్రి నుండి ప్రయాణం చేయవలసిన మనిషికి నిద్ర పట్టదు. అన్నం సహించదు, ఊరికే గుండె దడ. "రోజూ వేలమంది పోతున్నారు, నువ్వొక్కదానివేనా పోయేది?" అని ఇంట్లో వాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుతో భయం తగ్గదు సరికదా, చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది.

టికెట్ వెనక్కి ఇచ్చేసినవారు ఉన్నారు. మనవరాలికి మూడేళ్లు నిండినా ఫోనులోనే చూసి మురిసిపోయే అమ్మమ్మలు ఉన్నారు. మోకాళ్ల నొప్పులని, ఇల్లు చూసుకునేవారు లేరని ఏవో కారణాలు చెబుతారు. అసలు కారణం భయమని చెప్పడానికి సిగ్గు. ఆ తల్లి రాకపోతే అక్కడ బాలింత ఒంటరిగా పడే అవస్థ ఎవరికీ కనబడదు. అందుకే ఈ వారం ఈ విషయం తీసుకున్నాం.

సిగ్గు సంగతి ముందు చూద్దాం. ఐజాక్ అసిమోవ్ అనే అమెరికన్ రచయిత గ్రహాంతర ప్రయాణాల గురించి ఎన్నో పుస్తకాలు రాశాడు. ఆయన జీవితం మొత్తంలో విమానం ఎక్కింది రెండేసార్లు. ఆ తరువాత మళ్లీ ఎక్కలేదు. నెదర్లాండ్స్ ఫుట్‌బాల్ ఆటగాడు డెన్నిస్ బెర్గ్‌కాంప్ విమానం ఎక్కనని తేల్చి చెప్పి, దూర దేశాల్లో జరిగే ఆటలు వదులుకున్నాడు. తెలివికీ ధైర్యానికీ పేరున్నవారికే ఇలా ఉంటే, ఏలూరు దాటి వెళ్లని తల్లికి ఉండటంలో వింత ఏముంది?

ఇప్పుడు మిమ్మల్ని మీరే ఒక ప్రశ్న అడగండి. మీ భర్తో, కొడుకో పక్క సీటులో ఉంటే మీకు ఇంత భయం ఉంటుందా? "ఆయన పక్కనుంటే ఎక్కడికైనా పోతాను" అని మీ మనసు చెబితే, మీ భయం ఆకాశం గురించి కాదు. దారి తప్పిపోతానేమో, అడిగితే మాట అర్థం కాదేమో, నలుగురిలో నవ్వులపాలవుతానేమో అన్నది మీ భయం. అలా కాక, ఎవరు పక్కనున్నా గాలిలో ఉండటమే భయమైతే అది వేరే సంగతి. చాలామందిలో ఈ రెండూ కలిసే ఉంటాయి. మన తల్లుల్లో రెండోదానికంటే మొదటిదే పెద్దదని నా అనుభవం. రెంటికీ మందు ఒకటి కాదు గనుక విడదీసి చూడటం మంచిది.

ఆకాశం భయం గురించి మొదట మాట్లాడదాం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్ వెళ్లవలసిన విమానం లేచిన కొద్ది క్షణాల్లోనే కూలిపోయి, అందులోని 242 మందిలో ఒక్కరు తప్ప అందరూ చనిపోయారు. ఆ దృశ్యాలు చూసిన తరువాత భయపడవద్దని ఎవరు చెప్పినా అది పొడి మాటే అవుతుంది. విమానాలు కూలవు అని నేను చెప్పను. ఎంత అరుదుగా కూలుతాయో మాత్రం చెబుతాను. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ పరిశోధకులు 2018 నుండి 2022 వరకు ప్రపంచంలోని ప్రయాణికుల విమానాల లెక్క తీశారు. ఆ లెక్క ప్రకారం, ఒక మనిషి విమానం ఎక్కిన 1 కోటీ 37 లక్షల సార్లకు ఒక్క మరణం. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. మీ ఊరి నుండి శంషాబాద్‌కు కారులో వెళ్లే నాలుగైదు గంటలను మీరు కునుకు తీస్తూ గడిపేస్తారు. ఆ మొత్తం ప్రయాణంలో జాగ్రత్త పడవలసిన భాగం అదే. డ్రైవరుకు నిద్ర చాలిందో లేదో అడగండి, వెనుక సీటులో కూడా బెల్టు పెట్టుకోండి.

అంకెలు బుద్ధికి చెబుతాయి, ఒంటికి చెప్పలేవు. విమానం కదలగానే అరచేతులు చెమర్చే మనిషికి ఎం.ఐ.టి. లెక్క గుర్తుండదు. అప్పుడు పనికివచ్చేది, ఇప్పుడు వినిపించిన చప్పుడు ఏమిటో తెలిసి ఉండటం. కనుక ఈ భాగం కాస్త నిదానంగా చదవండి.

విమానం రన్‌వే మీద పరుగెత్తేటప్పుడు గట్టిగా కదులుతుంది, తలమీది పెట్టెల అరలు గలగలమంటాయి. నేల విడిచిన కొద్దిసేపటికి కాళ్ల కింద ధబ్బుమని చప్పుడవుతుంది. చక్రాలు లోపలికి మడుచుకుని తలుపులు మూసుకున్నాయన్నమాట. ఇంకొంచెం పైకి వెళ్లాక, ఒకటి రెండు నిమిషాల్లోపే, ఇంజన్ల హోరు ఒక్కసారిగా తగ్గి, కడుపులో ఏదో జారినట్టు, విమానం కిందికి దిగుతున్నట్టు అనిపిస్తుంది. కొత్తవారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేది ఈ ఘడియలోనే. నిజానికి విమానం ఎక్కుతూనే ఉంటుంది. లేవడానికి కావలసినంత బలం ఆ తరువాత అక్కరలేదు గనుక పైలెట్లు ఇంజన్ వేగం కొంత తగ్గిస్తారు. బరువెత్తుకుని మెట్టు ఎక్కినవాడు సమతలం మీద ఊపిరి తగ్గించినట్టే. ఇక గుయ్యిమని మోటారు తిరిగినట్టు వినిపించేది రెక్కల వెనుక అంచులు చాచి ముడవడం. టింగ్‌మని గంట మోగితే అది ఎక్కువసార్లు సిబ్బంది ఒకరినొకరు పిలుచుకోవడమో, బెల్టు దీపం వెలగడమో, ఆరడమో. దిగేటప్పుడు ఈ చప్పుళ్లే తిరగబడి వస్తాయి. నేల తాకగానే భీకరంగా హోరెత్తితే, ఇంజన్ల గాలిని ముందుకు తిప్పి వేగం తగ్గిస్తున్నారని అర్థం.

మరి కుదుపులు? గాలి కంటికి కనబడదు గాని, ఏటి నీటిలా దానికీ సుడులు, వడి ఉంటాయి. ఆ సుడుల మీదుగా వెళ్లే విమానం గతుకుల రోడ్డు మీద బస్సులాగే ఊగుతుంది. వందల అడుగులు పడిపోయామని మీకు అనిపించినప్పుడు కూడా, మామూలు కుదుపుల్లో విమానం ఎత్తు మారేది చాలా కొద్దిగానే. కిటికీలోంచి చూస్తే రెక్క చివర పైకీ కిందికీ ఊగుతుంటుంది. విరిగిపోతుందేమో అనుకుంటారు. కొబ్బరి మట్ట గాలికి ఊగుతుంది గనుకే విరగదు. రెక్కను కూడా వంగేలాగే కడతారు. 2010లో బోయింగ్ 787 విమానం రెక్కలను నేలమీద పరీక్షించినప్పుడు, ఆకాశంలో ఎదురవగల అతి పెద్ద బరువుకు ఒకటిన్నర రెట్లు బరువు వేశారు. రెక్క చివరలు దాదాపు 25 అడుగులు పైకి వంగాయి, విరగలేదు.

కుదుపుల్లో నిజమైన ప్రమాదం ఒకటుంది, దాన్ని దాచకూడదు. 2024 మే 21న లండన్ నుండి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీదుగా పోతుండగా హఠాత్తుగా తీవ్రమైన కుదుపుకు లోనైంది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. విమానం మాత్రం చెక్కుచెదరక బ్యాంకాక్‌లో దిగింది. బెల్టు లేనివారు గాలిలోకి లేచి పడ్డారు. కనుక దీపం ఆరిపోయినా, నిద్రపోతున్నా, బెల్టు వదులుగానైనా పెట్టుకునే ఉండండి. కుదుపులు తక్కువగా తెలిసే చోటు కావాలంటే రెక్కల దగ్గరి సీటు అడగండి. చివరి వరుసల్లో ఊపు ఎక్కువ.

"రెండు ఇంజన్లూ ఆగిపోతేనో?" అని రాత్రిళ్లు ఆలోచించేవారికి ఒక నిజం చెబుతాను. పెద్ద విమానం ఒక్క ఇంజన్‌తోనూ ఎగిరి దిగగలదు. రెండూ ఆగినా అది రాయిలా పడదు, గద్దలా జారుతుంది. 2001 ఆగస్టు 24న కెనడా నుండి పోర్చుగల్ వెళ్తున్న విమానంలో అట్లాంటిక్ సముద్రం మీద ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలెట్లు దాన్ని దాదాపు 19 నిమిషాలు గాలిలో జార్చుకుంటూ తీసుకువెళ్లి అజోర్స్ దీవుల్లో దించారు. అందులోని 306 మందీ బతికారు. ఇంకొందరికి పక్కవాడెవడో తలుపు తెరుస్తాడేమోనని బెంగ. అంత ఎత్తులో లోపలి గాలి ఒత్తిడి తలుపును ఎంత గట్టిగా అదిమి పట్టుకుంటుందంటే, మనిషి బలం దాన్ని కదపలేదు.

ఇవన్నీ తెలిసినా ఒంట్లో దడ రావచ్చు. వస్తే రానివ్వండి. పాము కనబడినప్పుడు పరుగెత్తడానికి దేవుడిచ్చిన ఏర్పాటే అది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, చేతులు చల్లబడతాయి. పరుగెత్తడానికి చోటులేని సీటులో అదే ఏర్పాటు చావు వస్తున్నట్టు తోపిస్తుంది. ఈ ఉధృతి కొద్ది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, తానే దిగజారడం మొదలుపెడుతుంది. "అయ్యో, ఇదేమిటి, నాకేదో అవుతోంది" అని దాన్ని చూసి భయపడితే మళ్లీ ఎక్కుతుంది. "వచ్చావా, సరే, కాసేపుండి పో" అన్నట్టు వదిలేస్తే త్వరగా పోతుంది. అయితే ముందే గుండె జబ్బు ఉన్నవారు, రొమ్ములో నొప్పి వచ్చినవారు దీన్ని ఉత్త భయమని కొట్టిపారేయకూడదు. వెంటనే సిబ్బందికి చెప్పండి, ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించుకోండి.

ఆ నిమిషాల్లో చేయవలసింది ఊపిరిని లాగడం కాదు, వదలడం. నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. పది సార్లు చాలు. లెక్క కుదరకపోతే జపమాల చేతిలోకి తీసుకోండి. ఇది భక్తి కోసమే చెబుతున్న మాట కాదు. 2001లో ఇటలీ వైద్యులు కొందరు 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో మంగళవార్త జపం చెప్పించి, వారి శ్వాసను, గుండెను పరిశీలించి, ఫలితాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. జపం సాగుతున్నంతసేపూ ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుసార్లకు నెమ్మదించిందట, గుండె నడకా కుదురుకుందట. ఒక యోగ మంత్రంతోనూ అదే జరిగిందని వారే రాశారు. అంటే ఒంటికి మేలు చేసింది ఆ నిదానమైన లయ. జపం విలువను ఈ కొలతతో తూచవద్దు గాని, గడగడా చెప్పి ముగించే అలవాటున్నవారు మాత్రం ఇది గమనించాలి. విమానాల వారికి మన తల్లి శ్రీసభ ఒక పాలకురాలిని కూడా ఇచ్చింది. పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు 1920లో లొరేతో మాతను విమాన చోదకుల పాలకురాలిగా ప్రకటించారు. నజరేతులోని పరిశుద్ధ గృహాన్ని దేవదూతలు గాలిలో మోసుకువచ్చి అక్కడ నిలిపారన్న పాత సంప్రదాయం వల్ల ఆ పేరు వచ్చింది.

బయలుదేరే రోజు కాఫీ, టీ తగ్గించండి, అవి దడను పెంచుతాయి. ఖాళీ కడుపుతో వెళ్లవద్దు. విమానంలో గాలి పొడిగా ఉంటుంది గనుక నీళ్లు తాగుతూ ఉండండి, గంటకోసారి పాదాలు ఆడించండి. చెవులు దిబ్బడ వేస్తే గుటకలు మింగాలి, ఒక బిళ్ల చప్పరిస్తే సులువు. పక్కింటావిడ ఇచ్చిన నిద్రమాత్ర మాత్రం వేసుకోవద్దు. అది మీకెలా పడుతుందో తెలియదు, మత్తులో కదలక కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మనకు మామూలుగా దొరికే కొన్ని నొప్పి, నిద్ర మాత్రలకు గల్ఫ్ దేశాల్లో కఠినమైన నిబంధనలున్నాయి. మీ సొంత మందులకు కూడా డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి.

ఇక ఒంటరితనం భయం దగ్గరకు వద్దాం. దీనికి ఊపిరి కంటే కాగితం ముఖ్యం. ఫోను ఛార్జింగు అయిపోతుంది, పరాయి దేశంలో సిమ్ము పనిచేయదు, కాగితం పనిచేస్తుంది. ఒక తెల్ల కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాయించుకోండి. మీ పేరు, విమానాల నంబర్లు, ఎక్కడ మారాలి, చివరకు ఎక్కడ దిగాలి, అక్కడ వచ్చి తీసుకువెళ్లేవారి పేరు, ఫోను, చిరునామా, మీకున్న జబ్బులు, మందులు. దాని రెండో ప్రతి చేతి సంచిలో వేరే అరలో పెట్టండి. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ మెడలో వేసుకునే చిన్న సంచిలో ఉంటే మాటిమాటికీ వెతుక్కునే కంగారు ఉండదు. నేను చూసినంతలో విమానాశ్రయంలో సగం దడ ఈ వెతుకులాటలోనే పుడుతుంది.

మూడు గంటల ముందే చేరుకుంటే విమానాశ్రయంలో జరిగే పని ఒక వరుస ప్రకారమే నడుస్తుంది. గుమ్మం దగ్గర పోలీసులు టికెట్, పాస్‌పోర్టు చూస్తారు. మీ వాళ్లు అక్కడే ఆగిపోవాలి, ఆ వీడ్కోలు త్వరగా ముగిస్తేనే ఇద్దరికీ మంచిది. లోపల కౌంటరులో పెద్ద పెట్టెలు ఇచ్చి బోర్డింగ్ పాస్ తీసుకుంటారు. పెట్టెలు ఎక్కడ తిరిగి తీసుకోవాలో అప్పుడే అడిగి కాగితం మీద రాసుకోండి. తరువాత ఇమ్మిగ్రేషన్, దాని తరువాత తనిఖీ, చివరికి గేటు. గేటు నంబరు మారవచ్చు గనుక తెర మీద మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

మధ్యలో విమానం మారడమే అందరినీ ఎక్కువ బెంగపెడుతుంది. ఉదాహరణకు దోహాలో దిగారనుకోండి. తెల్లవారుజామున కూడా జాతరలా ఉంటుంది. జనం వెంట పరుగెత్తవద్దు, వాళ్లంతా మీ విమానానికే పోతున్నారన్న నమ్మకం లేదు. బదిలీ ప్రయాణికులకు దారి చూపే బోర్డు పట్టుకుని వెళ్తే మళ్లీ తనిఖీ ఉంటుంది. దాటాక లోపల పెద్ద పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ, దాని తలమీద దీపం కనిపిస్తుంది. అది చూస్తే నడిబజారుకు వచ్చినట్టే. అక్కడ నిలబడి తెర మీద మీ విమానం నంబరు వెతకండి. ముందుగా గేటు ఎక్కడుందో కళ్లారా చూసి, ఆ తరువాతే టాయిలెట్‌కు, టీకి వెళ్లండి. అమెరికాలో మొదట దిగిన ఊళ్లో మరో విమానం మారవలసి ఉంటే, సాధారణంగా ఇమ్మిగ్రేషన్ అయ్యాక పెట్టెలు మీరే తీసుకుని మళ్లీ అప్పగించాలి. అక్కడి అధికారి అడిగేవి చాలావరకు మూడు ప్రశ్నలు: ఎందుకు వచ్చారు, ఎక్కడ ఉంటారు, ఎన్నాళ్లు ఉంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. భాష రాకపోతే "తెలుగు" అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి, వచ్చీరాని ఇంగ్లీషులో తలూపి తప్పు జవాబు ఇవ్వడం కంటే అది నయం.

అడగడానికి సిగ్గుపడవద్దు. దారిన పోయేవారిని కాక, మెడలో గుర్తింపు కార్డు ఉన్నవారిని, కౌంటరు వెనుక కూర్చున్నవారిని అడగండి. కాగితం చూపిస్తే మాట అక్కరలేదు. విమానం ఎక్కగానే సిబ్బందితో "మొదటిసారి, ఒంటరిగా, భయంగా ఉంది" అని చెప్పండి, ఇంగ్లీషు రాకపోతే ఆ ముక్క కూడా కాగితం మీద రాయించుకోండి. ఒక్కసారి వచ్చి పలకరించి వెళ్తే మనసు ఎంత కుదుటపడుతుందో చూద్దురుగాని. నడవలేనివారు టికెట్ కొనేటప్పుడే చక్రాల కుర్చీ అడగాలి. నడవగలిగినవారు దారి కోసం దాన్ని అడగడం ఈమధ్య పరిపాటి అయింది. నిజంగా కాళ్లు పనిచేయనివారు కుర్చీ కోసం గంటలు కాచుకోవలసి వస్తోంది గనుక నాకది నచ్చదు. తోడుగా వచ్చి దారి చూపే సహాయం చాలా విమానాశ్రయాల్లో విడిగా దొరుకుతుంది, ఎక్కువ చోట్ల డబ్బు కట్టాలి. ఆ ఖర్చు పిల్లలు పెట్టుకోవాలి.

పిల్లలకు ఇంకో మాట. నాలుగు వేలు తగ్గుతుందని గంటన్నరలో విమానం మారే టికెట్ అమ్మకు కొనవద్దు. మూడు గంటలైనా వ్యవధి ఉండాలి, మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే మధ్యలో పెట్టెలు తీసుకోవడం, మళ్లీ ఇవ్వడం, మొదటిది ఆలస్యమైతే రెండోది పోవడం, అన్నీ ఆమె నెత్తినే పడతాయి. వీలైతే నెల ముందు గన్నవరం నుండి హైదరాబాదుకో, విశాఖకు వెళ్లే పని ఉంటే అటో, ఒకసారి ఎవరైనా తోడుండి విమానంలో తీసుకువెళ్లండి. భయపడిన దాన్ని తప్పించుకున్న కొద్దీ భయం పెరుగుతుంది, కొంచెం కొంచెంగా ఎదురుపడితే తగ్గుతుందని మానసిక వైద్యులు చెప్పేది ఇందుకే. ప్రమాదాల వీడియోలు ఇంటి వాట్సాప్ గ్రూపులో పంపడం ఆ నెలరోజులైనా మానండి.

టికెట్ పేరు ఎత్తితేనే ముచ్చెమటలు పట్టి, వారాల తరబడి నిద్రాహారాలు లేనివారు ఈ వ్యాసంతో సరిపెట్టుకోవద్దు. మానసిక వైద్యుణ్ణి కలవండి, కొద్ది విడతల మాటలతోనే ఈ భయం చాలామందికి లొంగుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

గమ్యం చేరిన మరునాడు, నిద్ర తీరాక, ఆ కాగితం వెనుక రెండు సంగతులు రాసి పెట్టుకోండి. ఏమేమి జరుగుతాయని భయపడ్డారు, వాటిలో ఏవి జరిగాయి. రాయడం రాకపోతే కూతురితో రాయించండి. ఆరు నెలల తరువాత తిరుగు ప్రయాణానికి ముందు అదే దడ మళ్లీ మొదలవుతుంది, ఈసారి మనవణ్ణి వదిలి వస్తున్న దిగులు దానికి తోడవుతుంది. అప్పుడు పెట్టె సర్దుకునే ముందు ఆ కాగితం తీసి చదువుకోండి.